ఉప్పు సరిపోయిందా

ప్రోటోకాల్ తాసీల్దారు విజయసారథి గారు ఫోను చేసి
నూట నలభై విస్తళ్ళన్నాడు.
అంతలోనే నాలిక కరుచుకుని
"విస్తళ్ళు కాదమ్మా, పింగాణీ పళ్ళేలు."
ఎవరండీ వచ్చేదంటే
దేశం పేరు చెప్పాడు, మనిషి పేరు చెప్పలేదు.
అది మర్నాడు పేపరు చెప్పింది.

ఫోటో చూసి మా పెద్ద వంటవాడు పిచ్చయ్య
గరిటె పక్కన పెట్టేశాడు.
"బడి మీద బాంబులేయించినోడికా అమ్మా
మనం పప్పు తాలింపు పెట్టేది?"

పెట్టాలి పిచ్చయ్యా.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల్లో
రెండేళ్ళ నాటి కాయ చలికి వణుకుతోంది.
మా తమ్ముడివే మూడొందల టిక్కీలు.
వాటి మీద అప్పు, అప్పు మీద వడ్డీ,
వడ్డీ మీద దొర్లుతూ వాడి నిద్ర.
ఆయన దేశం కొంటానంది, ఓడ నిండా.
సంతకానికి ముందు భోజనం,
భోజనానికి ముందు మనం.

కారం వద్దన్నారు.
గుంటూరులో, మిరపకాయల బేరానికొచ్చిన మనిషికి,
కారం వద్దన్నారు!
ఊరగాయ బల్ల మీదకే రాకూడదట.
ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరక్కూడదు,
కెమెరాలుంటాయి.

ఆయన మనిషొకడు ముందే వచ్చి
గిన్నె గిన్నెలోంచీ ముద్ద తిని
పది నిమిషాలు బతికి చూపించాడు.
అప్పుడు కదిలాయి పళ్ళేలు.

ఈలోగా ఇంకో కబురు.
బ్రాడీపేటలో అద్దెకుండే ఆ దేశం పిల్లలు,
పదకొండు మంది,
నల్ల గుడ్డలు కొన్నారని తెల్లారకముందే పట్టుకొచ్చారట.
స్టేషన్లో కాదు, కల్యాణ మండపంలో ఉంచారు.
పరాయి పిల్లలు కదా, మర్యాద.
"వాళ్ళ భోజనమూ మీదేనమ్మా,
బిల్లు మాత్రం వేరే రాయండి."

ఆ క్యారేజీ పిచ్చయ్య ఒక్కడే వండాడు.
గోంగూరలో ఎన్ని మిరపకాయలు వేశాడో
నేనడగలేదు.

పెళ్ళికూతురి సింహాసనంలో మఠం వేసుక్కూచున్న పిల్ల,
ఫార్మసీ మూడో ఏడు, వచ్చీరాని తెలుగు.
పేరు రెండుసార్లు చెప్పింది,
నా నోట పలకలేదు.
"ఆయనకీ మీరేనా వండింది?"
అవునన్నాను.
"ఏం తిన్నాడు?"
చెప్పాను: పప్పు, బీరకాయ కూర,
పెరుగు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.
పద్దు రాసుకుంటున్నట్టు వింది.
"మా నాన్నకీ పెరుగంటే..." అని ఆగిపోయింది.
మీ నాన్న ఎక్కడమ్మా అని అడగాల్సింది.
అడగలేదు. మజ్జిగ పోయించాను.
గోంగూర కలుపుకుంది. కళ్ళు ధారలు కట్టాయి.
కారమా అన్నాను.
కారమే, అంది.
ఇక్కడ కెమెరాలు లేవు.

ముప్పై ఏళ్ళుగా ఏ బంతిలోనైనా
చివర్న నేనడిగే మాట ఒకటే: ఉప్పు సరిపోయిందా?
ఆ పిల్లని అడిగాను, తలూపింది.
ఆయన వెళ్తూ వెళ్తూ వంటవాళ్ళ దగ్గర ఆగి చెయ్యి చాచాడు.
చేతులు తడిగా ఉన్నాయని సైగ చేసి నమస్కారం పెట్టాను.
చేతులు పొడిగానే ఉన్నాయి.
ఉప్పు సంగతి అడగలేదు.

రాత్రి డేగిసాలు తోముతూ పిచ్చయ్య,
"ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగక తప్పుద్దా!"
తన నీళ్ళు తనే తెచ్చుకున్నాడయ్యా,
విమానంలో, సీసాలకి సీసాలు.
పిచ్చయ్య ఏమీ అనలేదు. ఇసుక ఇంకాస్త గట్టిగా రుద్దాడు.

తమ్ముడు ఫోను చేశాడు.
క్వింటాకి పద్దెనిమిది వందలు పెరిగిందట,
గొంతులో ఎన్నాళ్ళకో నవ్వు.
మంచిదిరా అన్నాను. మంచిదే.
పింగాణీ పళ్ళేల బిల్లు వారానికల్లా వచ్చింది.
పదకొండు భోజనాలది ఇంకా రాలేదు.
దాన్ని ఏ పద్దు కింద రాయాలో
ఆఫీసులో ఎవరికీ తెలీదంటున్నారు.